అమ్మ మార్చిన క్యామ్‌షాఫ్ట్

మా చిన్నప్పుడు... మార్కాపురంలో స్టేషన్‌కు పోయే రోడ్డు మీద మా ఇల్లు, దాని ముందే నాయన మెకానిక్ షెడ్డు. నేను ఏడో తరగతిలో ఉండగా, ఒక జీపును ముందు నుంచి ఇనుప హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తుంటే అది వెనక్కి తన్ని నాయన కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా కట్టు...

ఆ వారమే మస్తాన్ మామ తన అంబాసిడర్ తెచ్చాడు. గిద్దలూరుకు ట్రిప్పులు తిప్పుకునే ఆయనకు ఆ కారే బతుకు. ఇంజన్‌లో ఒకటే టకటక. నాయన చెవి పెట్టి విని, క్యామ్‌షాఫ్ట్ అరిగిందన్నాడు. వాల్వులను ఎత్తే బొడిపెలుండే పొడవాటి ఇనుప కడ్డీ అది.

"ఇంకొకరి దగ్గరికి తీసకపో మస్తానూ" అన్నాడు నాయన, కట్టు చేతిని చూపిస్తూ.

అమ్మ కొంగు బిగించుకుని బయటికొచ్చింది.

"ఏమయ్యా, చెయ్యి విరిగింది గానీ నోరు బాగనే ఉంది గదా. నువ్వు చెప్పు, నేను ఇప్పుతా."

మస్తాన్ మామ "కానియ్ అక్కా" అని తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

నాయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. అమ్మ రేడియేటర్ దించింది, ఇంజన్ ముందు మూత విప్పింది. తీసిన బోల్టులన్నీ వరస తప్పకుండా ఇడ్లీ రేకుల గుంటల్లో పెట్టింది... నాయనకు ఇన్నేళ్ళలో తట్టని ఉపాయం! కొత్త కడ్డీకి నూనె పూసి లోపలికి తోసేటప్పుడు నాయన స్టూలు మీద నుంచి ముందుకు వంగాడు.

"మెల్లంగ... గీసుకుంటే బేరింగులు పోతాయి."

"పసిబిడ్డకు చొక్కా తొడిగినట్టే గదయ్యా" అంది అమ్మ.

రెండో రోజు సాయంత్రం స్టార్ట్ చేస్తే ఠప్పుమని పొగ కక్కి ఆగిపోయింది. రోడ్డున పోయేవాళ్ళు నవ్వారు. "ఆడమనిషి చేతికి ఇంజన్ ఇస్తే ఇట్లనే ఉంటది" అన్నారెవరో. నాయన తల దించుకున్నాడు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ కారు ముందు వంగి మళ్ళీ విప్పుతోంది. మొహమంతా గ్రీజు...

"ఏయ్, ఆమె మీ అమ్మ గదా?" అంది నా పక్కనున్న స్నేహితురాలు.

"కాదు" అన్నాను.

అమ్మ తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ పనిలోకి వంగింది.

ఇంట్లోకి పోయి మూలన కూర్చున్నాను. కాసేపటికి అమ్మ కేక. "ఇదిగోయ్యా, ఒక పన్ను తప్పింది!" ఇంజన్ ముందు మూత కింద గొలుసు తగిలించే, పళ్ళున్న రెండు చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా ఉండాలట. మొదటిసారి బిగించినప్పుడు నాయన కూర్చున్న పక్క నుంచి అవి సరిగ్గానే కనిపించాయట; ఎదురుగా చూస్తే ఒక పన్ను పక్కకు జరిగి ఉంది.

గొలుసు సరిచేసి, అన్నీ బిగించాక, మస్తాన్ మామ తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. టకటక లేదు. నాయన ఎడమచేత్తో అమ్మ నుదుటి మీది గ్రీజు తుడిచాడు... అందరి ముందూ! నేను మాత్రం గుమ్మం దాటలేకపోయాను.

అమ్మే లోపలికొచ్చింది. "ఆకలైతాందా? చెయ్యి కడుక్కొని వస్తా ఉండు" అంది. అంతే... నేనన్న 'కాదు' మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు కార్లకు కంప్యూటర్ తగిలిస్తేగానీ జబ్బేంటో తెలియదు. అమ్మానాన్నలు ఏం పనిచేస్తారో పిల్లలు కళ్ళారా చూసే వీలూ తగ్గిపోయింది... చూసే వీలుండి కూడా నేను మొహం తిప్పుకున్నాను.

మీకూ ఇలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ ఇంకా ఉన్నవాళ్ళు ఆ రోజు సంగతి ముందు ఆమెకు చెప్పండి... తర్వాత ఇక్కడ కామెంట్లలో రాయండి.