మౌనం తప్పిన స్వామి

అరబ్బు దేశంలోని మహబూలాలో తెల్లవారుజామున నేనెక్కిన బస్సులో ఒక్క సీటే ఖాళీగా ఉంది. దాని పక్కన బూడిదరంగు అంగీ తొడుక్కుని, నడుముకు మూడు ముడుల తాడు కట్టుకున్న తెల్లాయన కూర్చున్నాడు. నేను పనిచేసే ఇంటి నుంచి పారిపోయి వస్తున్నాను. అక్కడ ఉండడానికి అనుమతిచ్చే నా ఇఖామా కార్డు, మేం మామా అని పిలిచే యజమానురాలి బీరువాలోనే ఉండిపోయింది.

"ఇండియన్ ఎంబసీకి ఎక్కడ దిగాలి?" అని హిందీలో అడిగాను. ఆయన పెదవుల మీద వేలుంచుకుని తల దించుకున్నాడు.

"నోరు పడిపోయిందా? ఎంత పొగరబ్బా నీకు!" అని మా కడప మాటల్లోనే తిట్టాను.

కాసేపటికి పోలీసులు బస్సాపి అందరి ఇఖామాలూ చూడసాగారు. ఒకతను వచ్చి నా ముందు చెయ్యి చాపాడు.

అప్పుడా తెల్లాయన లేచి అరబీలో నెమ్మదిగా ఏదో చెప్పాడు. పోలీసు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "యల్లా" అని, సరేలే అన్నట్టు చెయ్యూపి ముందుకు కదిలాడు.

"ఏం చెప్పినారు సామీ?"

"ఉన్నదే చెప్పాను. నువ్వు ఎంబసీకి వెళ్తున్నావనీ, లోపలిదాకా నేను తోడుంటాననీ," అన్నాడు హిందీలో. తాను ఆంగ్లికన్ క్రైస్తవ మఠంలో సన్యాసినన్నాడు. రాత్రి ప్రార్థన ముగిశాక పొద్దుటి ప్రార్థన దాకా వాళ్ళు మాట్లాడరట, ప్రయాణంలో ఉన్నా సరే.

"ఈరోజు ఆ నియమం తప్పింది," అని మళ్ళీ పెదవులపై వేలు పెట్టుకున్నాడు. ఎంబసీ లోపలిదాకా వచ్చాడు గానీ ఇంకొక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పొద్దున లేచి టీ తాగేదాకా నేనెవరితోనూ మాట్లాడను. "మా అత్తకు పొగరు" అని నా కోడలు ఇరుగుపొరుగుకు చెబుతుంది. చెప్పుకోనీ.