బొమ్మలో డార్కస్ చేతులు

నారిచ్ పట్టణంలో డార్కస్ విన్‌కప్ ఇంటింటికీ వెళ్లి ఆడపిల్లలకు సంగీతం చెప్పేది. ముప్పై రెండేళ్లు దాటినా పెళ్లి కాలేదు. తండ్రి పోతూ పోతూ ఆమెకిచ్చిన ఆస్తి ఆ విద్య ఒక్కటే.

ఉన్ని వర్తకుడు లబక్ గారి కూతురు లెటిషియా ఆమె శిష్యురాలు. ఆ పిల్ల బొమ్మ వేయడానికి ఆంబ్రోస్ ఫిస్క్ అనే చిత్రకారుడు వచ్చాడు. పాఠం కాగానే డార్కస్‌ను ఆపాడు.

"అమ్మాయిగారి బొమ్మ తర్వాత వేస్తాను. ముందు నీది. నాకోసం."

పదకొండు ఉదయాలు ఆమె కిటికీ పక్కన స్పినెట్ అనే చిన్న మెట్ల వాద్యం వాయిస్తూ కూర్చుంది. అతను నీటిరంగులు కలుపుతూ, వసంతంలో పెళ్లి చేసుకుందామన్నాడు. డార్కస్ నమ్మింది. పెళ్లికని పసుపు రిబ్బను కూడా కొనుక్కుంది.

బొమ్మ చూపించే రోజున లబక్ గారింటి నిండా చుట్టాలు. తెర తీశారు. కిటికీ అదే, గౌను మడతలు అవే. మెడ మీద మాత్రం లెటిషియా ముఖం.

"ఆ వేళ్లు చూడండి, ఎంత ఒడుపో!" అంది ఒకావిడ.

డార్కస్ ఫిస్క్ దగ్గరికి వెళ్లింది. "నాకోసం అన్నావే?"

"ఆ పిల్ల కుదురుగా కూర్చోదు, నన్నేం చెయ్యమంటావ్? ఏదో మాటవరసకి అన్నాను."

"పెళ్లి కూడా మాటవరసకేనా?"

అతను చొక్కా చేతుల అంచులు సర్దుకున్నాడు.

డార్కస్ బొమ్మ పక్కన తన ఎడమచెయ్యి ఎత్తి పట్టుకుంది. చిన్నప్పుడు విరిగి వంకరపోయిన చిటికెన వేలు. బొమ్మలోనూ అదే వంకర. లెటిషియా తన చేతులు గబుక్కున వెనక్కి దాచుకుంది.

"పంతులమ్మకి ఒంట్లో బాగోలేనట్టుంది. ఇంటికి పంపించండి," అన్నారు లబక్ గారు.

ఆ వారంలోనే మరో మూడిళ్లవాళ్లు ఆమెను రావద్దన్నారు. డార్కస్ యార్మత్ రేవుకు వెళ్లిపోయింది. అక్కడ ఓడ సరంగుల పిల్లలకు పాఠాలు చెబుతూ, ప్రార్థన మందిరంలో ఆర్గన్ వాయిస్తూ బతికింది.

చేపల వ్యాపారి నథానియల్ బేటీ భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. రెండుసార్లు పెళ్లి మాట ఎత్తాడు.

"నామీద నమ్మకం లేదా అండీ?"

"మీరు మంచివారేనండీ. నాకే ఇంక నమ్మడం చేతకాదు."

మరుసటేడు అతను వేరొకామెను చేసుకున్నాడు. పెళ్లిలో ఆర్గన్ డార్కసే వాయించింది, ఒక్క స్వరం కూడా తప్పకుండా.