కొండ మీద కట్టిన తాడు

మీ పెళ్ళి ఎప్పుడైందని ఎవరైనా అడిగితే మావారు టక్కున శ్రావణమాసం అంటారు. నేను ఊరుకుంటాను. నా పెళ్ళి అంతకు ముందే, మే నెల ఎండల్లో ఊరు మాడిపోతున్నప్పుడు, నేపాల్‌లో ఒక కొండ మీద అయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు నలుగురో అయిదుగురో మిగిలారు. వాళ్ళూ నోరు విప్పరు.

అది 2007. మేమిద్దరం తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్లం. మాది గూడెంలో బెల్లం, చింతపండు, పసుపు అమ్మే హోల్‌సేల్ కొట్టు. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. వాళ్ళవి కైకలూరు పక్కన చేపల చెరువులు. సంగతి కదిపీ కదపగానే మా నాన్న, "చేపల కంపులోకి పిల్లనిస్తానా?" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళ నాన్నగారు ఇంకా మర్యాదస్తుడు. "పప్పన్నం తినే పిల్ల మనింట్లో ఇమడలేదురా" అన్నారట. ఏడాది పాటు ఇద్దరి కాళ్ళూ పట్టుకుని విసిగిపోయాం.

ట్రెక్కింగ్‌కి వెళ్ళి అక్కడే పెళ్ళి చేసుకుందామన్న ఆలోచన అతనిదే. నేపాల్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఇక్కడ ద్వారకా తిరుమలలో దండలు మార్చుకుంటే సాయంత్రానికల్లా గూడెం బజారంతా తెలిసిపోతుంది. ఇంట్లో కాలేజీ టూరని చెప్పాను. బయల్దేరే ముందు కొట్లోకి వెళ్ళి, పసుపు బస్తాలో చెయ్యి పెట్టి, మంచి కొమ్ము ఒకటి ఏరుకున్నాను. బంగారు సూత్రాలు చేయించుకునే వీలు లేదు. పసుపు కొమ్ము కట్టినా తాళేనని మా ఇళ్ళలో పెద్దవాళ్ళందరూ అనే మాటే.

చెరువు గట్టుకి మించిన ఎత్తు ఎరగని ప్రాంతం మాది. కొండ ఎక్కుతుంటే నా మోకాళ్ళు మొండికేశాయి. జీలకర్రా బెల్లం ముద్ద చేసి స్టీలు డబ్బాలో పెట్టుకెళ్ళాను. తీరా పైకెళ్ళి మూత తీస్తే చలికి రాయిలా బిగుసుకుపోయి ఉంది. మా గైడు అదేదో మిఠాయి అనుకుని, కొరకలేక అవస్థ పడుతున్నామని జాలిపడి, స్టవ్ మీద కాస్త వెచ్చబెట్టి ఇచ్చాడు. దాన్ని తినకుండా ఒకరి నెత్తిన ఒకరం పెట్టుకుంటుంటే అతని మొహం చూడాలి. తాడు కడుతున్నప్పుడు మావారి వేళ్ళు కొంకర్లు పోయాయి. మూడు ముళ్ళు పడేసరికి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. అంత సంతోషం నా జన్మలో మళ్ళీ ఎరగను, చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు.

తిరిగొచ్చాక కొన్నాళ్ళకే, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే అమ్మ నా మెడలో తాడు చూసింది. ఏడుపులూ, అన్నం మానేయడాలూ అన్నీ అయ్యాయి. చివరికి రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. లేచిపోయిందన్న మాట బజార్లో పుట్టకూడదు. శ్రావణంలో శుభలేఖలు వేసి, కళ్యాణమండపంలో, అందరి ముందూ మళ్ళీ పెళ్ళి చేస్తారు. నేపాల్ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఏడాది బతిమాలినా కరగనివాళ్ళు, పరువు అనేసరికి ఒక్క పూటలో వియ్యంకులైపోయారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఒప్పుకున్నాను. ఇంకో పెళ్ళి చేసుకుంటే నాకు పోయేదేముంది అనుకున్నాను.

పెళ్ళి రెండు రోజులుందనగా పురోహితుడు వచ్చాడు. ఆయనకి మాత్రం నిజం చెప్పక తప్పలేదు.

"మెడలో ఒక తాడుండగా ఇంకోటి కట్టించలేనండీ. అది తీయించండి," అన్నాడు.

"అదేం తాళండీ, ఉత్త దారం. మంత్రమా, మేళమా?" అంది అమ్మ.

"ఉత్త దారమైతే ఉండనీ అమ్మా. భయమెందుకు?" అన్నాను.

తీయనని నేను భీష్మించుక్కూర్చున్నాను. ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. మొగుడు బతికున్నదాని తాడు ముత్తయిదువ చేత్తో తీస్తే అరిష్టమట. ఇంట్లో ముత్తయిదువ కానిది మా మేనత్త ఒక్కతే. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. ఏ శుభకార్యంలోనూ వంటిల్లు దాటి రానివ్వని మనిషిని ఆ రోజు పిలిచి హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మీ చేత్తో అయితే దోషం లేదు వదినగారూ," అంది అమ్మ.

అత్త నా మెడ వైపు చూసి, అమ్మ వైపు తిరిగింది.

"నాది తీసిన రోజున కూడా ఇలాగే అందరూ చుట్టూ నిలబడ్డారు అమ్మాయ్. నాకు కట్టినాయన పోయారు గనక తీశారు. దీనికి కట్టినవాడు కైకలూర్లో నిక్షేపంలా ఉన్నాడు. అతన్నే పిలిపించి తీయమనండి. నేను తీయను."

ఆ ఇంట్లో నా తరఫున మాట్లాడింది ఆవిడ ఒక్కతే. నాకు ప్రాణం లేచొచ్చింది. "అవును, అతన్నే పిలవండి. అతను తీస్తే తీయించుకుంటాను," అన్నాను. తీయడని అంత నమ్మకం. వస్తాడు, నా పెళ్ళి ఎప్పుడో అయిపోయిందండీ అని మా నాన్న మొహం మీదే అంటాడు, మండపం పోతే పోతుంది అనుకున్నాను.

మధ్యాహ్నానికల్లా బండి మీద వచ్చాడు. నాన్న ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చారు. ఫ్యాను వేశారు, పూతరేకులు పెట్టారు, కాఫీ ఇచ్చారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి సంగతంతా చెప్పింది. నేను అతని మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. అతను కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"దానికేముందండీ," అన్నాడు. "ఎల్లుండి ఎలాగూ మళ్ళీ కడతాను కదండీ."

లేచి నా వెనక్కి వచ్చి ముడి కోసం తడిమాడు. చెమటకీ పసుపుకీ బిగిసిపోయి ఊడలేదు. గోళ్ళతో లాగుతున్నంతసేపూ, ఇప్పుడు ఆగుతాడు, ఇప్పుడు ఆగుతాడు అనుకుంటూనే ఉన్నాను. ఆగాడు.

"అత్తయ్యగారూ, కత్తెర ఉందాండీ?" అన్నాడు.

మా అమ్మని అత్తయ్యగారూ అని పిలవడం అదే మొదలు. అమ్మ మొహం చేటంత చేసుకుని, పరుగున వెళ్ళి తెచ్చిచ్చింది.