ఇంప్లాంట్‌కు ముందు నేనాడిన అబద్ధం

నాలుగేళ్ల క్రితం ఒక ఉదయం స్నానం చేస్తుంటే అంగం చివర చిన్న పుండు చేతికి తగిలింది. నొప్పి లేదు. చోడవరం నుంచి రావికమతానికి షేర్ ఆటో తోలేవాణ్ని. సీటు మీద ఒరుసుకుని ఉంటుందిలే అనుకున్నాను. సిగ్గుతో మందుల షాపులో "గజ్జికి ఆయింట్‌మెంట్" అని అడిగి ఆరు నెలలు రాసుకున్నాను. చివరికి లుంగీకి రక్తం మరక చూసి నా భార్య నూకరత్నం నిలదీసింది. "ఏటి మావా, నా కాడ కూడా సిగ్గేటి?" అని తనే విశాఖ తీసుకెళ్లింది.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. అంగం చాలావరకు తీసేశారు. ఏడాది చూసి, జబ్బు తిరగబెట్టలేదని రూఢి చేసుకున్నాక ఎడమ ముంజేతి చర్మంతో, నరాలతో కొత్తది నిర్మించారు. ఎంత గొప్ప పనో! నిలబడి మూత్రం పోసుకున్న రోజు బాత్‌రూంలోనే ఏడ్చేశాను.

అయినా భర్తగా పనికిరానన్న దిగులు పోలేదు. అందుకు లోపల ఇంప్లాంట్, అంటే పంపు నొక్కితే గట్టిపడే గొట్టాల్లాంటి పరికరం పెట్టాలి. "ముందు సెన్సేషన్, అంటే స్పర్శ రావాలి. అది లేకుండా పెడితే లోపల్నుంచి చర్మం చీల్చుకుని బయటికొస్తున్నా నీకు తెలీదు. చేసిందంతా పోతుంది" అన్నారు సర్జన్‌గారు. ఎదురుచూసి ఎదురుచూసి విసుగెత్తిపోయాను. రత్నానికి ముప్పయ్యేళ్లు కూడా లేవు, నాతో ఎంతకాలమని ఉంటుంది అని ఒకటే భయం. కొత్తది నిర్మించిన పదో నెల చెకప్‌లో ఆయన అడగ్గానే "వచ్చేసింది సార్, బాగా తెలుస్తోంది" అనేశాను.

పక్కనున్న రత్నం ఊరుకోలేదు.

"అబద్దం సార్. నిన్న సెరుకు తోటలో సీమలు పాకి కరిసీసి, ఇంతలా వాసిపోయింది. నాను సూసి సెప్పినదాకా ఈయనకి తెలీనేదు."

సర్జన్‌గారు నా కళ్లు మూయించి దూదితో తాకి చూశారు. ఎక్కడ తాకారో ఒక్కసారీ సరిగ్గా చెప్పలేకపోయాను. "ఈ అమ్మాయి దొరకడం నీ అదృష్టం" అన్నారు. తల కొట్టేసినట్టయింది. ఇల్లు చేరాక "ఒసే, నా పరువు తీసేసేవే!" అని అరిచాను.

"పరువుదేటుంది మావా? నాకు నువ్వు కావాలి. అది ఎప్పుడొస్తే అప్పుడొస్తాది" అంది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నా కళ్లకు తువ్వాలు కట్టి తనే దూదితో పరీక్ష పెట్టేది. అలా మొదలెట్టిన ఐదో నెలలో ఒకరోజు "అదిగో, కుడివైపు!" అని కేకేశాను. గబుక్కున తువ్వాలు లాగేసింది. దూది కుడివైపే ఉంది. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం.

సర్జన్‌గారు మళ్లీ పరీక్షించి, సరేనన్నాకే ఇంప్లాంట్ పెట్టారు. వారానికి జ్వరమొచ్చింది. ఇన్ఫెక్షన్ అని మళ్లీ అడ్మిట్ చేసి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. గట్టెక్కాను. ఆరు వారాలయ్యాక సిస్టర్ పంపు నొక్కడం నేర్పుతుంటే నాకు ఎంతకీ పట్టుబడలేదు. రత్నం మాత్రం ఒక్కసారి చూసి నేర్చేసుకుంది.

ఇప్పుడు ఆటో తోలుతున్నాను, కాపురం చేసుకుంటున్నాం. ఆ సర్జన్‌గారి చేతులకు దండం పెడతాను. రత్నానికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

మీకు చెప్పేదొక్కటే. పుండు కనబడితే దాచకండి. డాక్టరు దగ్గర అబద్ధమాడకండి. మగాళ్లం, ఆడతాం. అందుకే లోపలికి వెళ్లేటప్పుడు భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లకండి.