సుక్రమ్మ చేను, నేను రాసిన కాగితం

మొన్నటి తుఫానుకు విశాఖపట్నంలో మా ఇంటి కుళాయి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. బకెట్‌ను కాసేపు కదపకుండా ఉంచి, నీళ్ళు వంపేసి, అడుగున మిగిలిన ఒండ్రును వేళ్ళ మధ్య రుద్ది చూశాను. నూరిన పసుపులా మెత్తగా ఉంది. వానకు అన్నిటికన్నా ముందు కొట్టుకుపోయేది ఇదే, నేల పైపొరలోని సారం. ఈ మెత్తదనం నా వేళ్ళకు మొదట తెలిసింది గూడెం కొత్తవీధి దగ్గరి ఒక కొండవాలున, సుక్రమ్మ చేలో.

తొంభైల మధ్యలో నేను అక్కడి రైతులకు సలహాలు చెప్పే చిన్న ప్రభుత్వ ఉద్యోగిని. మైదానం నుంచి వచ్చినవాణ్ణి, కొండ మీద నడవడమే కొత్త. సుక్రమ్మకు అప్పటికే అరవై దాటి ఉంటాయి. భర్త పోయాడు, ఉన్నది ఎకరం వాలు. అందులో చోళ్ళనే రాగులు, కందులు, వలిసె నూనెగింజలు కలిపి చల్లేది. నరికిన చెట్ల మోళ్ళు చేలోనే ఉండేవి. వాలుకు అడ్డంగా మోకాలెత్తు రాళ్ళ వరసలు, వంకరటింకరగా. నాకదంతా చిందరవందరగా కనిపించింది.

"ఈ రాళ్ళెందుకమ్మా? సగం నేల ఇవే తినేస్తున్నాయి" అన్నాను.

ఆమె కలుపు తీస్తూనే, "వోన నాను లేనప్పుడొస్తాది బాబూ. నాను కూకుని కాయగల్నేటి? రాళ్ళే కాయాల" అంది.

నవ్వేసి ఊరుకున్నాను.

ఆ ఏడు మా పై అధికారి వస్తున్నారని కబురొచ్చింది. ఆయనకు ఒక నమూనా చేను చూపించాలి. సుక్రమ్మ చేను సరిగ్గా రోడ్డుకు ఎదురుగా ఉంటుంది. జీపులోంచి చూడగానే తీర్చిదిద్దినట్టు కనబడాలని, పైనుంచి కిందికి తిన్నగా సాళ్ళు తీసి రాజ్మా వేయిద్దామనుకున్నాను. అడ్డొస్తున్న రాళ్ళు తీసేయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"మీ సారు పంట తింతాడేటి, సూసి ఎలిపోతాడేటి?" అంది. పక్క చేలో వాళ్ళు పకపకా నవ్వారు. నాకు రోషం వచ్చింది.

"నేను చదువుకుని వచ్చానమ్మా. ఏమైనా అయితే నేను లేనా?"

ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది. "సరే. నువ్వున్నావు కదా" అంది. అది నా గెలుపనుకున్నాను.

అధికారి వచ్చారు. జీపు దిగకుండానే బాగుందని వెళ్ళిపోయారు. పది రోజులకు వాన పట్టింది. తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే, నేను తీయించిన ప్రతి సాలూ ఒక కాలువ అయింది. పైభాగాన రాయి తేలింది. మొక్కలూ, ఎరువూ, మన్నూ కింద పారే గెడ్డలో ఎర్రగా పోతున్నాయి. సుక్రమ్మ ఆ బురదలో మిగిలిన మొక్కలు ఏరుకుంటోంది. నాకు మాత్రం ఉద్యోగ భయం పట్టుకుంది. ఆఫీసుకు వెళ్ళి నివేదికలో ఒక వాక్యం రాశాను: రైతు నిర్లక్ష్యం వల్ల పంట దెబ్బతిన్నది.

ఆ వాక్యం ఎక్కడిదాకా పోతుందో ఆలోచించలేదు. మరుసటి ఏడు కాఫీ మొక్కలు అందుకునే రైతుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. ఆ వాలును మళ్ళీ నిలబెట్టుకోవడానికి ఆమెకు మిగిలిన ఆశ ఆ మొక్కలూ, వాటితో పాటు ఇచ్చే నీడచెట్లూనూ. ఊరి మీటింగులో జాబితా చదవాల్సింది నేనే. కొట్టేసిన పేరూ, కారణమూ చదివాను. సుక్రమ్మ ముందు వరసలోనే కూర్చుంది.

"ఆ మాట ఎవులు రాసినారు బాబూ?"

"పైనుంచి వచ్చిందమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున ఆమె గెడ్డలో పేరుకున్న ఒండ్రును బుట్టకెత్తుకుని చేలోకి మోస్తోంది. చెప్పులు విడిచి దిగి, నేనూ ఒక బుట్ట అందుకున్నాను. రెండుసార్లు పైకి మోశాక చెప్పాను.

"అది రాసింది నేనేనమ్మా."

"తెల్సు. నీ రాత నాకు తెల్దు గానీ నీ మొకం తెల్సు." నా చేతిలో బుట్ట లాక్కుంది. "మన్ను మొయ్యడం నాకొచ్చు. నువ్విక్కడ సెమట కారిస్తే నాకేటొస్తాది? కాయితం రాయడం నాకు రాదు. అది నువ్వెళ్ళి సెయ్యి. బేగి."

నిజానికి బుట్ట మోయడమే నాకు తేలిక. ఆ కాగితం రాయడానికి నెల పట్టింది. రాళ్ళు తీయించింది నేనని, తప్పు నాదని రాసి పంపాను. చీవాట్లు తిన్నాను. ఆమె పేరు తిరిగి జాబితాలోకి వచ్చింది. ఆ సవరణ కూడా మీటింగులో నేనే చదివాను. తల వంచుకుని గొణుగుతుంటే సుక్రమ్మ గొంతు వినిపించింది.

"గట్టిగా సదువు బాబూ, ఎనకోళ్ళకి ఇనపడ్నేదు!"

అందరూ నవ్వారు. మళ్ళీ మొదటినుంచి చదివాను.

రెండువేల సంవత్సరం దాటాక చింతూరు వైపు పనిచేస్తుండగా ఆమె పోయిందని తెలిసింది. అప్పటికే నాకు ఒక అలవాటు పడింది. ఏ రైతు గురించి ఏ కాగితం రాసినా, సంతకం పెట్టేముందు ఆ మనిషికి చదివి వినిపించేవాణ్ణి. "అలా జరగలేదు సారూ" అన్నవాళ్ళున్నారు. కొట్టేసి మళ్ళీ రాసేవాణ్ణి. ఆ అలవాటు సుక్రమ్మది. రిటైరయ్యాక ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. కింది సగంలో కాఫీ నిలదొక్కుకుంది. పైన రాయి తేలిన చోట మాత్రం ఇప్పటికీ గడ్డి కూడా సరిగా మొలవదు. దాన్ని కొట్టేసి మళ్ళీ రాయడం నా వల్ల కాదు.