అక్క చేతుల మీద ట్యూబ్‌లైటు

నారాయణగూడలో మేము వెళ్ళే మందిరంలో ఆదివారం సాయంత్రం కరెంటు పోతే కీర్తన ఆగేది కాదు. ఇంకా గట్టిగా పాడేవాళ్ళం. చీకట్లో దేవుడు మరింత దగ్గరగా ఉన్నట్టుందని అందరూ అనేవారు. నేనూ అనేదాన్నే, ఒకసారి అక్క చేతుల వైపు చూసేదాకా.

అక్కకు పుట్టుకతోనే వినపడదు. అలాంటివాళ్ళు మా సంఘంలో ఇంకా కొందరు ఉండేవారు. ముందు బెంచీల్లో కూర్చునేవారు. పాస్టరు గారు చెప్పే వాక్యాన్ని నేను వాళ్ళ ఎదుట నిలబడి చేతి సైగలతో చెప్పేదాన్ని. కరెంటు పోతే నా చేతులు వాళ్ళకు కనపడవు, వాళ్ళ చేతులు ఒకరికొకరికి కనపడవు. అందరి చేతులూ ఒళ్ళోకి దిగిపోయేవి. మేము పాడుతున్నామో లేచి వెళ్ళిపోయామో కూడా వాళ్ళకు తెలియదు. కొవ్వొత్తి పెట్టి చూశాం. దూరంగా పెడితే వేళ్ళు కనపడవు, దగ్గరగా పెడితే చేతుల గాలికే ఆరిపోయేది.

ఆ ఎండాకాలం అక్క బాప్తిస్మం తీసుకోవాలని నిశ్చయించుకుంది. దానికి ముందు ఆరాధనలో సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తన బతుకులోకి ఎలా వచ్చాడో అందరి ముందూ చెప్పాలి. అక్క చేతులతో చెప్తుంది, అది చూసి నేను గొంతుతో చెప్పాలి.

"మధ్యలో కరెంటు పోతే?" అని అక్క సైగ చేసింది.

"లైటు నేను చేస్తా" అన్నాను. పాలిటెక్నిక్‌లో నేను చదివింది ఎలక్ట్రానిక్సే.

చిక్కడపల్లిలో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే షాపులో పాత కారు బ్యాటరీ దొరికింది. బ్యాటరీ కరెంటును ట్యూబ్‌లైటుకు సరిపడా పెంచేందుకు కోఠిలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను. అశోక్‌నగర్‌లో మా కిరాయి ఇంటి వరండాలో కూర్చుని, వేడి లాగేస్తుందని ట్రాన్సిస్టర్లను ఒక పాత అల్యూమినియం పళ్ళేనికి బిగించాను. కరెంటు పోగానే లైటును దానంతటదే బ్యాటరీకి మార్చే స్విచ్చుగా ఒక రిలే పెట్టాను. అన్నిటినీ ఒక పెట్టెలో బిగించి, లైటు తగిలించేందుకు దానికి ఒక ప్లగ్గు పెట్టాను.

ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నిలబడి చూసేది. "ఆసిడ్ తోటి ఆటలేందమ్మా? మీరు ప్రార్థన చేసేటోళ్ళు గదా, కరెంటు కోసం గూడ చెయ్యరాదు?"

"చేస్కుంటనే చేస్తున్న ఆంటీ."

అబద్ధం కాదు. అరణ్యంలో దేవుడి గుడారం కట్టేటప్పుడు ఏడు దీపాల దీపవృక్షం చేసే నేర్పు కూడా పనివాడికి దేవుడే ఇచ్చాడని చిన్నప్పటినుంచి బైబిల్లో చదువుకున్నదాన్ని. టంకం వేస్తూ ఆ నేర్పే అడిగాను.

బ్యాటరీని రిక్షాలో అక్క పాదాల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాం. అక్క కట్టుకున్న చీర ఉతికాక అంచంతా ఆసిడ్ చేసిన సన్నటి చిల్లులు.

మొదటి ఆదివారం కరెంటు పోయింది, మా ట్యూబ్‌లైటు వెలిగింది. ముందు బెంచీల్లో చేతులన్నీ పైకి లేచాయి. అంతలోనే ట్రాన్స్‌ఫార్మర్ మూలిగి కమురు వాసన వేసింది. లైటు ఆరిపోయింది. ఎవరో నా పెట్టెకున్న ప్లగ్గులోనే టేబుల్ ఫ్యాను కూడా పెట్టారు.

ఆ ఎవరో మా సంఘపెద్దే. "పాస్టరమ్మ గారికి ఉక్కగుందని జర ఫ్యాన్ తగిలించిన, సిస్టర్. గంత నాజూకా నీ మిషను?"

"ఒక్క లైటుకే చేసిన అంకుల్."

"అయితే ఈసారి మైకుకు పెట్టు. విశ్వాసం చెవులకెల్లి వస్తదని బైబిల్ల ఉన్నది నీకు తెల్వదా? చీకట్లనైనా వాక్యం వినొచ్చు."

"మా అక్కకు ఎటుకెల్లి రావాలె?"

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "వచ్చే ఆదివారానికి అయితదా మరి?"

"అయితది."

కాలిన ట్రాన్సిస్టర్లు తీసేసి కొత్తవి వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చుట్టించాను. ఈసారి ప్లగ్గు పెట్టలేదు. వైర్లను నేరుగా ట్యూబ్‌లైటు పట్టీకే టంకం వేశాను. ఎవరికి ఎంత ఉక్కపోసినా దానికి ఇంకేదీ తగిలించలేరు.

సాక్ష్యం రోజు అక్క వేదిక పక్కన, ఆ లైటు కింద నిలబడింది. నేను ఎదురుగా మైకు పట్టుకున్నాను. "చిన్నప్పుడు అందరూ నా ముందు పెదవులు కదిపి వెళ్ళిపోయేవాళ్ళు. దేవుడు కూడా అలాంటివాడే అనుకున్నాను" అని అక్క చెప్తుండగా ఫ్యాన్లు ఆగిపోయాయి. హాలు చీకటైంది. అక్క చేతులు గాల్లోనే ఆగాయి. రిలే టిక్కుమంది. ట్యూబ్‌లైటు రెండుసార్లు మిణుకుమని వెలిగింది.

అక్క పైకి చూసింది. చేతులు కిందికి దించలేదు. ఆగిన వాక్యాన్ని ఆగిన చోటి నుంచే అందుకుంది. కరెంటు లేక మైకు పలకదు గనక నేను గొంతు చించుకున్నాను.

చాలాసేపటికి సంఘపెద్ద చెమటలు కక్కుతూ నాకు గడియారం చూపించాడు. ముగించమని అక్కకు సైగ చేశాను. అక్క నా వైపు కాదు, ఆయన వైపే తిరిగి చేతులు ఆడించింది. ముందు బెంచీల్లో నవ్వులు. మిగతావాళ్ళంతా నా నోటి వైపు చూశారు.

"కరెంటు వచ్చేదాకా చెప్తదంట" అన్నాను.

అప్పుడు వాళ్ళూ నవ్వారు.