మా మిద్దె మీద ఎవరినీ పిలవరు

నేను నిడమనూరు దగ్గర వరి పొలాల మధ్య ఇంట్లో పుట్టినదాన్ని. బజారుకు వెళ్లినవాళ్లు కాస్త ఆలస్యం చేస్తే చాలు, మా అమ్మ వాకిట్లో నిలబడేది. ఆలస్యమంటే భయం అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. పెళ్లై కోదాడ వచ్చాక అది కాస్తా తలకిందులైంది.

మా ఆయనకు పందెం పావురాల పిచ్చి. తెల్లవారగానే మిద్దె మీది నుంచి ఎగరేస్తారు. ఎవరి పావురం ఎక్కువసేపు దిగకుండా ఉంటే వాళ్లు గెలిచినట్టు. పందెం రోజు మిర్యాలగూడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, గడియారం చూసుకుంటూ మా మిద్దె మీదే కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. పావురం గాల్లో ఉన్నంతసేపు ఈల వేయకూడదు, గింజలు చల్లకూడదు, గూట్లో ఉన్నవాటిని బయటికి తేకూడదు. పిలిచినట్టు అనిపించేదేదీ దాని కంట పడకూడదు.

ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఎండాకాలం, బట్టలు ఆరేయడానికి పైకి వెళ్లాను. ఆయనా, స్నేహితులూ నీడలో కూర్చొని మజ్జిగ తాగుతున్నారు. పైన నలుసంత పావురం. పొద్దుటి నుంచి మేత లేదు, నీళ్లు లేవు. డబ్బాలో జొన్నలు గలగలలాడించాను. అది రివ్వున వచ్చి నా కాళ్ల దగ్గర వాలింది.

పందెం పోయి, ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు. సాయంత్రం స్నేహితులు ఒక్కొక్కరే వచ్చి, పరామర్శకు వచ్చినట్టు కాసేపు కూర్చొని వెళ్లారు. నాకు ఒళ్లు మండింది.

“పావురం ఇంటికొస్తే ఏడుస్తరా ఎక్కడన్నా?” అని అడిగేశాను.

వాళ్లలో పెద్దాయన నవ్వాడు. “దానికి ఇంకా దమ్ముందమ్మా. దిగాలనిపిస్తే అదే దిగుద్ది. మనం పిలిస్తే దాన్ని నమ్మనట్టు.”

ఆ మాట నన్ను పట్టుకుంది. రెండు మూడేళ్లకు నేను వాళ్లకంటే ముదిరిపోయాను. పావురం కంటికి ఆనక ఆకాశం ఖాళీగా కనిపిస్తే మనసు నిమ్మళంగా ఉండేది. పక్కింటావిడ జాలిగా “ఇంకా రాలేదా?” అంటే, “ఇంకా రాలే!” అని గొప్పగా చెప్పేదాన్ని.

మా అమ్మాయికి మాత్రం ఈకలంటే పడదు. చిన్నప్పటి నుంచీ మిద్దె ఎక్కితే తుమ్ములే, అందుకని ఎక్కేదే కాదు. పోయినేడు దానికి సూర్యాపేటలో నర్సు ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో చేరింది. బస్సెక్కితే గంట దూరం. మొదటి ఆదివారం రాలేదు, రెండో ఆదివారమూ రాలేదు. ఫోన్ చేతిలోకి తీసుకొని మళ్లీ పక్కన పెట్టేదాన్ని. అడిగినవాళ్లతో “నా బిడ్డ గట్టిది” అని మురిసిపోయాను.

నెల దాటాక, ఒక మధ్యాహ్నం బ్యాగుతో గుమ్మంలో నిలబడింది. బాగా చిక్కిపోయింది. ఎదురెళ్లి చెయ్యి పట్టుకోవాల్సింది పోయి, “అప్పుడే వచ్చినవేంది?” అన్నాను.

దాని మొహం చిన్నబోయింది.

“జ్వరమొచ్చి ఐదు దినాలు పండుకున్న. రూంల అందరికీ ఇంటికాడ్నుంచి ఫోన్లు. ఎప్పుడొస్తవని నువ్వు ఒక్కసారన్నా అడిగినవా? నేను లేకున్నా మీకు నడుస్తదేమో అనుకున్న.”

నాకు తోచిన సమాధానాలన్నీ మిద్దె మీదివే. అక్కడైతే అందరికీ అర్థమయ్యేవి. చివరికి “నమ్మిన బిడ్డా, అందుకే పిలవలే” అన్నాను.

“జ్వరంల పండుకున్నదానికి నమ్మకం ఏం జేస్కోవాలె అమ్మా?”

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఆ మిద్దె మీద నేర్చుకున్నదంతా మంచిదే అనుకున్నాను. అది నా పిల్లకు తగులుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి చారన్నం తిని నా పక్కనే పడుకుంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం పైన పావురం ఎగురుతోంది. అందరూ అక్కడే ఉన్నారు. నేను వంటింట్లో నిలబడి ఫోన్ చేశాను. ఏదో తప్పు చేస్తున్నట్టు తలుపు దగ్గరికి వేసుకున్నాను.

“ఎప్పుడొస్తవ్ బిడ్డా?”

“ఈ వారం డ్యూటీ ఉందమ్మా, రాలేను.” గొంతులో మాత్రం సంతోషం. “మళ్ల వారం గూడ అడుగు.”